పేర్ల వెంట తొమ్మిది రోజులు

మొదటి రోజు, టాలా

మా చెల్లెలి ఇల్లు డబ్లిన్ నగరానికి నైరుతి అంచున టాలాలో ఉంది. పలకడానికి టాలాయే గాని, బస్సు నెత్తిన రాసింది చూస్తే చివర్లో జి, హెచ్, టి మూడూ వరసగా కూర్చున్నాయి. ప్రయాణ బడలికలో దాని గురించి ఆలోచించలేదు.

భోజనాలయ్యాక చెల్లెలు నా ముందు రంగు కవర్ల కట్ట, పిల్లల పేర్ల జాబితా పెట్టింది. తొమ్మిదో రోజున వాళ్ళబ్బాయికి ఏడో పుట్టినరోజు. క్లాసు పిల్లలకి ఇచ్చే రిటర్న్ గిఫ్టుల మీద పేర్లు రాయాలి. "నీ చేతిరాత బావుంటుందక్కా, నువ్వే రాయి" అంది.

మొదటి పేరు ఎన్, ఐ, ఏ, ఎమ్, హెచ్. "నియామ్" అని పైకి చదువుతూ రాయబోయాను. పక్కన బొమ్మలేసుకుంటున్న మావాడు తలెత్తకుండానే "నీవ్, పెద్దమ్మా" అన్నాడు. తర్వాతిది టి, ఏ, డి, హెచ్, జి. అది టైగ్ అట. టైగర్‌లో చివరి ముక్క తీసేస్తే వచ్చే మాట. సి, ఏ, ఓ, ఐ, ఎమ్, హెచ్, ఇ అని ఏడక్షరాలుంటే కీవా. ఎస్, ఏ, డి, హెచ్, బి, హెచ్ అని రెండు హెచ్‌లు మోస్తున్న పేరు సైవ్. వాడు బడిలో ఐరిష్ భాష చదువుతున్నాడు, ఇక్కడి ప్రాథమిక పాఠశాలల్లో అది తప్పనిసరి పాఠం. అందుకే ఎక్కడా తడుముకోలేదు.

ముప్పై రెండేళ్ళు తెనాలిలో పిల్లలకి తెలుగు వర్ణక్రమం దిద్దినదాన్ని. ఒక జాతి తన బిడ్డల పేర్లని లెక్కాపత్రం లేకుండా రాసుకుంటుందంటే నేను నమ్మను. ఇంగ్లీషు కళ్ళజోడు తీసి చూస్తే ఆ లెక్క కనపడి తీరాలి. కవర్లు పక్కన పెట్టాను. ఎలా పలకాలో, ఎందుకలా పలకాలో తెలిశాకే రాస్తానని చెల్లెలికి చెప్పాను.

రెండో రోజు, డబ్లిన్

టాలా నుంచి ఊళ్ళోకి ట్రామ్ ఉంది. దాని పేరు లూయస్, ఐరిష్‌లో వేగం అని అర్థం. ప్రతి స్టాపునీ రెండు భాషల్లో చెబుతుంది. టాలాకి ఐరిష్ మూలం ప్లేగు మృతులని పూడ్చిన చోటని చెల్లెలు చెప్పింది. డబ్లిన్ అంటే నల్ల మడుగు. చిత్రమేమిటంటే ఇదే ఊరిని ఐరిష్‌లో ఇప్పుడు వేరే పేరుతో, తడికలు పరిచిన రేవు ఉన్న ఊరు అనే అర్థంతో పిలుస్తారు. నది దాటడానికి వెదురు తడికల్లాంటివి పరిచేవారన్నమాట. ఆ మాట వింటే మా కృష్ణ లంకల్లో రేవులు గుర్తొచ్చాయి.

ట్రినిటీ కాలేజీలో కెల్స్ గ్రంథం చూశాను. సుమారు 800 నాటిది, బొమ్మలు కళ్ళు తిప్పుకోనివ్వవు. కానీ అది లాటిన్ గ్రంథం. నా ప్రశ్నకి జవాబు బయట వీధి గోడ మీద దొరికింది.

పాత వీధుల్లో కొన్ని పేర్ల పలకల మీద ఐరిష్ మాటలు పాత గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. కొన్ని హల్లుల నెత్తిన చుక్క ఉంది. కొత్త పలకల మీద అదే మాట రోమన్ అక్షరాల్లో ఉంటే చుక్క పోయి, ఆ హల్లు పక్కన హెచ్ వచ్చి నిలబడింది. నీవ్‌లో హెచ్, సైవ్‌లో రెండు హెచ్‌లూ ఇవే. అవి పలకాల్సిన అక్షరాలు కావు, ముందున్న హల్లు మెత్తబడిందని చెప్పే గుర్తులు. 1571లో డబ్లిన్‌లో తొలి ఐరిష్ పుస్తకం అచ్చయిన నాటి నుంచీ, ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా, చుక్కలున్న అచ్చు నడిచింది. రోమన్ అచ్చు స్థిరపడ్డాక చుక్కకి బదులు హెచ్ మిగిలింది.

మెత్తబడటం అంటే ఏమిటో తెలుగువాడికి వేరే చెప్పాలా? మామయ్య అని రాసి మావయ్య అంటాం. రాసింది మ, పలికింది ముక్కుతో కలిసిన వ. ఐరిష్‌లో ఎమ్ పక్కన హెచ్ ఉంటే సరిగ్గా అదే జరుగుతుంది. బి పక్కన ఉన్నా వకారమే. డి, జి పక్కన ఉంటే ఆ హల్లు యకారంగానో గొంతులో ఒరిపిడిగానో మారుతుంది, లేదా పూర్తిగా కరిగిపోతుంది. టి, ఎస్ పక్కన ఉంటే హకారం మిగులుతుంది. ఎఫ్ పక్కన ఉంటే ఏమీ మిగలదు. వాళ్ళ సంప్రదాయ వర్ణమాలలో అక్షరాలు పద్ధెనిమిదే. వి అనే అక్షరమే లేదు. ఉన్న కొద్ది అక్షరాలతో ఇన్ని ధ్వనులు రాసుకోవాలంటే ఏదో ఒక గుర్తు కావాలి కదా.

మరి పేర్లలోనే ఇవి ఇంత దట్టంగా ఎందుకున్నాయి? 1940ల్లో ప్రభుత్వం వర్ణక్రమాన్ని సంస్కరించింది. పలకని అక్షరాలు చాలా మాటల్లోంచి తీసేశారు. కానీ పిల్లల పేర్లని చాలామంది పాత పద్ధతిలోనే ఉంచుకున్నారు. మనం అరసున్నని, బండి ఱని వదిలేశాం. అవి ఉన్న పాత పద్యం చూస్తే మొన్నటి పలుకుబడి తెలుస్తుంది. టైగ్ అనే పేరులో డి, హెచ్ అలా నిలిచిన బండి ఱలే.

సాయంత్రం ఒక జ్ఞాపికల దుకాణంలో పేర్లు చెక్కిన తాళంగొలుసుల స్టాండు దగ్గర అరగంట నిలబడ్డాను. షినేడ్, షివాన్, ఉషీన్. వీటన్నిటిలో షకారానికి రాసింది ఒట్టి ఎస్. అక్కడే సీర్షా ఉంది. ఎస్, ఏ, ఓ, ఐ, ఆర్, ఎస్, ఇ. మొదటి ఎస్ సకారం, రెండోది షకారం. ఒకే పేరులో ఒకే అక్షరానికి రెండు పలుకులు. గొలుసు చేతిలో పట్టుకుని నాలుగైదుసార్లు అనుకుంటే తట్టింది, ఇది మన చకారం సంగతే!

చీర, చేప, చిలక, చెట్టు అన్నప్పుడు చ ఒకటి. చాప, చలి, చుక్క, చొక్కా అన్నప్పుడు చ వేరొకటి. మొదటిది తాలవ్యం, రెండోది దంత్యం. ఇ, ఈ, ఎ, ఏ కలిస్తే తాలవ్యం అవుతుందని తెలుగు వ్యాకరణం చెబుతుంది, చెప్పకపోయినా మన నాలుకకి తెలుసు. ఐరిష్‌లో ఎస్‌కి పక్కన ఐ గాని ఇ గాని ఉంటే షకారం. ఏ, ఓ, యు ఉంటే సకారం. సీర్షాలో మొదటి ఎస్ పక్కన ఏ ఉంది, రెండోదాని పక్కన ఇ ఉంది. షివాన్‌లో ఎస్ తర్వాత ఐ, ఓ రెండూ ఉంటాయి. ఐ అంటే ఎస్‌కి కాపలా, ఓ అంటే తర్వాతి హల్లుకి కాపలా. ఆ అచ్చుల్లో కొన్ని పలకడానికి రాసినవి కావు, పక్క హల్లుని ఎలా పలకాలో చెప్పడానికి నిలబెట్టినవి.

సీర్షా అంటే స్వేచ్ఛ. మన దగ్గరా ఆడపిల్లలకి ఆ పేరుంది. గొలుసు కొన్నాను.

మూడో రోజు, డబ్లిన్, డన్ లీరీ

పొద్దుటి నుంచి వాన. జాతీయ మ్యూజియంలో ఓఘమ్ రాళ్ళు చూశాను. రాతి అంచు వెంబడి గీతలు, గాట్లు. ఐరిష్ భాషకి దొరికిన అతి పాత రాతలు ఇవే. నాలుగు, అయిదు, ఆరు శతాబ్దాల నాటివి ఎక్కువ. వాటి మీద దాదాపు అన్నీ పేర్లే. ఫలానావాడి కొడుకు ఫలానా అని మాత్రం ఉంటుంది. అందులోని కొడుకు మాటే ఇప్పటి మాక్. ఒక భాష తన తొలి అక్షరాలని ఖర్చు పెట్టింది మనుషుల పేర్ల మీదేనని తెలిసి చాలాసేపు ఆ రాళ్ళ ముందు నుంచి కదలలేకపోయాను.

వాన తగ్గాక రైల్లో డన్ లీరీ రేవుకి వెళ్ళాం. లీరీ అన్న చిన్న మాటకి ఎల్, ఏ, ఓ, జి, హెచ్, ఏ, ఐ, ఆర్, ఇ రాస్తారు. పాత రాజు పేరది. 1821లో నాలుగో జార్జి వచ్చి వెళ్ళాడని ఊరి పేరు కింగ్స్‌టౌన్‌గా మార్చారు. 1920లో ఊరివాళ్ళు పాత పేరు తెచ్చుకున్నారు, అదీ ఐరిష్ వర్ణక్రమంతోనే. దక్షిణాన కోవ్ అని ఇంకో రేవుంది. 1912లో టైటానిక్ చివరిసారి ఆగిన రేవు అదే. విక్టోరియా రాణి పేరు మీద క్వీన్స్‌టౌన్ అయి, స్వాతంత్ర్య పోరాట కాలంలో తిరిగి కోవ్ అయింది. అసలు కోవ్ ఇంగ్లీషు మాటే. దాన్నే ఐరిష్ పద్ధతిలో, వకారానికి బి, హెచ్ పెట్టి రాసుకున్నారు. పరాయి మాటని తమ అక్షరాల్లో రాసుకుని సొంతం చేసుకోవడం నాకు నచ్చింది. బెజవాడలో ఏ దుకాణం బోర్డు చూసినా మనమూ చేస్తున్నది అదే.

నాలుగో రోజు, గాల్వే మీదుగా అన్ స్పిడేల్

డబ్లిన్ నుంచి పడమటి తీరాన గాల్వేకి బస్సులో రెండున్నర గంటలు. అక్కడి నుంచి సముద్రం పక్కనే 20 కిలోమీటర్లు పోతే అన్ స్పిడేల్. ఒకప్పుడు ఇక్కడున్న ఆసుపత్రి వల్ల వచ్చిన పేరు. ఇది గేల్టక్ట్, అంటే ఐరిష్ ఇంకా ఇంటి భాషగా ఉన్న ప్రాంతం. డబ్లిన్ దారుల్లో బోర్డుల మీద పైన ఐరిష్, కింద ఇంగ్లీషు ఉండేవి. ఇక్కడికి వచ్చేసరికి ఇంగ్లీషు వరస మాయమైంది.

బస చేసిన ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. రిజిస్టరులో నా పేరు రాశాను. గీత. జి, రెండు ఇలు, టి, హెచ్, ఏ. ఆవిడ చూసి నవ్వి, "మా లెక్కన అయితే మీరు గీహ" అంది. టి పక్కన హెచ్ ఉంటే హకారమే కదా. దక్షిణాదిలో మేము తకారానికి టి, హెచ్ రాస్తామని చెప్పాను. ఉత్తరాది లత ఒట్టి టితో రాసుకుంటుంది, మా లత హెచ్ కలుపుకుంటుంది. టకారానికి, తకారానికి తేడా చూపించడానికి మా పెద్దలు చేసుకున్న ఏర్పాటు అది. ఇంగ్లీషువాడు దాన్ని నాలుక పళ్ళ మధ్య పెట్టి ఇంకేదో చేస్తాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బయటి సభలకి వెళ్ళిన ప్రతిసారీ ఆ ఇంకేదోకి పలికాను.

ఆవిడ తల ఊపి "గీత" అంది. దీర్ఘం, తకారం, ఏదీ పొల్లు పోలేదు. ఐరిష్‌లో ఏ, ఓ, యు పక్కనున్న టిని వెడల్పు టి అంటారు, అది పళ్ళకి నాలుక తాకించే మన తకారమే. టైగ్ అని మావాడు అన్నదాన్ని ఆవిడ తైగ్ అంది. సముద్రాలు దాటి వచ్చాక నా పేరు నాకు వినపడింది.

తర్వాత కాగితం తీసుకుని నా పేరు వాళ్ళ పద్ధతిలో రాసిచ్చింది. జి, దీర్ఘం పెట్టిన ఐ, ఓ, టి, ఏ. మధ్యలో ఓ ఎందుకని అడిగితే ఒక సూత్రం చెప్పింది. "సన్నదానికి సన్నది, వెడల్పుదానికి వెడల్పుది." ఐ, ఇ సన్న అచ్చులు, ఏ, ఓ, యు వెడల్పువి. హల్లుకి అటూ ఇటూ ఒకే జాతి అచ్చులు ఉండాలి. ఇటు ఏ వెడల్పు అచ్చు కనుక అటు ఐ ఒక్కటే ఉంటే కుదరదు, ఓ తోడు రావాలి. ఐ మీద పెట్టిన గీతని ఫాదా అంటారు, ఆ మాటకి అర్థం పొడుగు. అంటే దీర్ఘమే. "దీర్ఘం మరచిపోకండి, అది లేకపోతే ఈ మాటకి ముక్క అని అర్థం" అని హెచ్చరించింది. షాన్ అనే పేరుకీ అంతే. దీర్ఘం తీసేస్తే ముసలి అనే మాట మిగులుతుంది. ఇంగ్లీషు ఫారాల్లో, కంప్యూటర్లలో ఆ గీత రాలిపోతుంటుంది. కల, కాల ఒకటే అని ఎవరైనా అంటే మనకెలా ఉంటుందో వాళ్ళకీ అలాగే ఉంటుంది.

అయిదో రోజు, అన్ స్పిడేల్

పొద్దున్నే ఒడ్డున నడిచాను. ఒకావిడ నీళ్ళ వైపు పరిగెత్తుతున్న కూతుర్ని కేకేసింది. "హివాన్!" అన్నట్టు వినపడింది. ఇది ఏ కొత్త పేరో అనుకుంటూ ఇంటికొచ్చి అడిగాను. కొత్తది కాదు, షివానే. పిలిచేటప్పుడు ముందు చిన్న అ పలికి, పేరులో మొదటి హల్లుని మెత్తబరుస్తారు. ఎస్ పక్కన హెచ్ వచ్చి చేరుతుంది, షకారం హకారమవుతుంది. మనకి సంబోధనలో రాముడు రామా అయినట్టు. మన మార్పు మాట చివర జరిగితే వాళ్ళది మొదట్లో జరుగుతుంది. స్కాట్లండులో హేమిష్ అనే పేరు ఇలాగే పుట్టింది. అక్కడి గేలిక్‌లో షేమస్‌ని పిలిస్తే వినపడే మాటని ఇంగ్లీషువాళ్ళు అసలు పేరనుకున్నారు. నా చిన్నప్పుడు మా ఇంటికొచ్చిన ఎవరైనా నాన్నగారిని రామారావుకి బదులు "ఏమండీ" అనుకుని ఉంటే ఎలా ఉండేదో, ఇదీ అంతే.

ఇంటిపేర్ల సంగతి ఇంకా బావుంది. తండ్రి ఓ మురఖూ అయితే పెళ్ళికాని కూతురు నీ వురఖూ. ఓ అంటే మనవడు, వంశంవాడు. నీ అంటే ఆ వంశపు కూతురు. నీ తర్వాత మకారం మెత్తబడి వకారం అవుతుంది. ఒకే ఇంట్లో తండ్రీకూతుళ్ళ ఇంటిపేర్లు రెండు రకాలుగా రాస్తారు, రెండూ ఒకటేనని ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు.

2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చునన్నవాళ్ళు 18,73,997 మంది. బడికి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 71,968 మంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం చూస్తే గుండె బరువెక్కింది. తెలుగు మాధ్యమం, ఇంగ్లీషు మాధ్యమం అని తగువులు చూసిన దేశం నుంచి వచ్చాను మరి.

ఆరో రోజు

తిరిగి డబ్లిన్. బస్సులో నిద్ర.

ఏడో రోజు, సముద్రం దాటి వేల్స్

వీసా మీద రెండు దేశాలకీ చెల్లే ముద్ర ఉండటంతో చెల్లెలు, నేను ఓడెక్కాం. డబ్లిన్ రేవు నుంచి హోలీహెడ్‌కి మూడుంపావు గంటలు. దిగగానే స్వాగతం బోర్డు. దాని మీద వేల్స్ దేశం పేరు గుమ్రి అని ఉంది. నాకు తెలిసిన పేరు కుమ్రి, సితో మొదలవుతుంది. ఇక్కడ జితో ఉంది.

ఆ ఒక్క బోర్డుతో నా ప్రయాణం ధన్యమైంది. కూర, కాయ కలిస్తే కూరగాయ. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. గసడదవాదేశ సంధి. వెల్ష్‌లోనూ కొన్ని మాటల తర్వాత కకారం గకారం, తకారం దకారం అవుతాయి. పకారం వాళ్ళకి బకారమవుతుంది, మనకి వకారమవుతుంది, అంతే తేడా. ఐరిష్‌వాళ్ళు అసలు అక్షరాన్ని ఉంచి పక్కన గుర్తు పెడతారు. వెల్ష్‌వాళ్ళు మనలాగే వినపడినదే రాస్తారు. దాంతో వాళ్ళకీ మన చిక్కే. నిఘంటువులో గాయ కోసం వెతికితే కాయ దొరకదు.

బస్సులో ఆంగ్లెసీ దీవిలోని లాన్‌వైర్‌పుల్‌కి వెళ్ళాం. రైల్వే స్టేషను మీద 58 రోమన్ అక్షరాల పేరుంది. ఎల్‌ఎల్, సిహెచ్ లాంటి జంటలు వెల్ష్‌లో ఒక్కో అక్షరం కనుక వాళ్ళ లెక్కన 51. 1860ల్లో యాత్రికులని రప్పించడానికి పెంచిన పేరు ఇది, ఊరివాళ్ళు పొట్టిపేరే వాడతారు. అందరూ దాని ముందు ఫొటో దిగి వెళ్ళిపోతున్నారు. నేను దాన్ని విగ్రహవాక్యం చెప్పినట్టు విడగొట్టుకున్నాను. తెల్ల హేజెల్ చెట్ల మడుగు దగ్గరి మేరీ చర్చి, ఉరవడి సుడిగుండం దగ్గర, ఎర్ర గుహ ఉన్న తసిల్యో చర్చి. ఇందులో మేరీ మైర్ నుంచి వైర్ అయింది. మామయ్య మావయ్య అయినట్టే. హేజెల్ చెట్ల కకారం గకారమైంది, సుడిగుండపు తకారం దకారమైంది, ఎరుపు కోఖ్ గోఖ్ అయింది. ప్రబంధాల్లో ఇంతకన్నా పొడుగు సమాసాలు పాఠం చెప్పాను. భయమేమీ లేదు. వెల్ష్‌లో డబ్ల్యు అచ్చు, ఉకారం. ఎఫ్ ఒకటుంటే వకారం, రెండుంటే ఫకారం. మొదట్లోని రెండు ఎల్‌లకి మాత్రం లకారానికి నాలుక పెట్టి పక్కల నుంచి గాలి ఊదాలి. స్టేషన్లో ఒక పెద్దాయన ఓపికగా నేర్పాడు. అయిదోసారికి బాగానే వచ్చిందన్నాడు.

ఎనిమిదో రోజు, కైర్నార్వన్

కోట చూశాం. దూరంగా ఎర్ విద్వా శిఖరం మబ్బులో ఉంది, 1,085 మీటర్లు. స్నోడన్ అని ప్రపంచానికి తెలిసిన కొండ. 2022లో అక్కడి నేషనల్ పార్కువాళ్ళు వెల్ష్ పేర్లే వాడాలని నిర్ణయించారు. ఆ పేరు సమాధి దిబ్బ అనే మాట నుంచి వచ్చింది. మూలంలో మొదట గకారం ఉంది, ముందు ఎర్ చేరగానే అది పూర్తిగా మాయమైంది.

దుకాణాల బోర్డుల మీద ప్రైస్, పావెల్, బోవెన్ అనే ఇంటిపేర్లు. ఇంగ్లీషు పేర్లనుకునేదాన్ని. అవి ఆప్ రీస్, ఆప్ హవెల్, ఆబ్ ఓవైన్. ఆప్ అంటే కొడుకు. ఆ పకారం తండ్రి పేరుకి అతుక్కుపోయింది. లాయిడ్ అంటే నెరిసిన రంగు. ఆ గాలి ఊదే లకారం నోరు తిరగని ఇంగ్లీషువాళ్ళు దాన్నే ఫ్లాయిడ్ అన్నారు.

నిన్న చూసిన ఆంగ్లెసీ దీవిలోనే ఒక ఊళ్ళో, గణితంలో పై (π) గుర్తుని 1706లో వాడిన విలియం జోన్స్ పుట్టాడు. ఆయన కొడుకు, అదే పేరుగల జోన్స్, 1786లో కలకత్తాలో సంస్కృతానికి గ్రీకు, లాటిన్‌లతో చుట్టరికం ఉందని చెబుతూ ఐరిష్, వెల్ష్ చేరిన కెల్టిక్ భాషల్నీ తలచాడు. ఐరిష్‌లో మూడు త్రీ, రాజు రీ. సంస్కృతానికి ఆ బంధుత్వం ఉంది. తెలుగు వేరే కుటుంబం. అయినా నోరు మెత్తగా పలకదలచినప్పుడు కృష్ణ ఒడ్డునా, ఇక్కడా ఒకే దారి తొక్కింది. నాకు ఇదే ఎక్కువ ముచ్చటగా ఉంది.

తొమ్మిదో రోజు, టాలా

తెల్లవారుజామున ఓడ. ఇంటికి రాగానే కవర్లు ముందేసుకుని కూర్చున్నాను. ప్రతి కవరు మీద పైన వాళ్ళు రాసుకునే తీరులో పేరు, దీర్ఘాలు ఒక్కటీ వదలకుండా. కింద వాళ్ళు పలికే తీరులో తెలుగులో.

సాయంత్రం పిల్లలొచ్చారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి కవరు చేతికిచ్చాను. జుట్టు రెండు జడలేసుకున్న నీవ్ కవరు పట్టుకుని కింది వరసనే చూస్తోంది. "ఇది కూడా నా పేరేనా?" అంది. అవునన్నాను. వేలితో ఒక్కో అక్షరం తడిమి, "మరి నా హెచ్ ఏది?" అని అడిగింది.

నేను జవాబు వెతుక్కునేలోగా దాని వేలు వకారం నెత్తిన ఉన్న పొల్లు మీద ఆగింది. "ఇదేనా?"